సిస్టమ్ వెనక్కి వెళ్తే బిల్లులూ వెళ్ళాయి

ప్రశ్న: నమస్తే అండీ. నరసరావుపేటలో మా నాన్నగారిది మందుల హోల్‌సేల్ షాపు. బిల్లింగ్ ప్రోగ్రామ్ నేనే పైథాన్‌లో రాసుకున్నాను. వెనక గదిలో ఒక పాత డెస్క్‌టాప్, దాంట్లో ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్, పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేస్. ఆదివారం రాత్రి ఫ్రీబీఎస్‌డీని 14.1 నుంచి 14.2కి అప్‌గ్రేడ్ చేసి ప్యాకేజీలు కూడా కొత్తవి వేశాను. లేబుల్ ప్రింటర్‌తో బుధవారం దాకా పని పడలేదు. పడ్డ రోజున అది మొరాయించింది. తెల్లారితే లోడు వెళ్ళాలి, కూర్చుని కారణం వెతికే టైము లేదు. పాత బూట్ ఎన్విరాన్‌మెంట్‌ని (అప్‌గ్రేడ్‌కి ముందు నాటి సిస్టమ్ కాపీ) యాక్టివేట్ చేసి రీబూట్ కొట్టాను. ప్రింటర్ పనిచేసింది. గురువారం మధ్యాహ్నం చూసుకుంటే సోమ, మంగళ, బుధవారాల బిల్లులు 212 లేవు! అప్పటికే కొత్తగా 19 బిల్లులు కొట్టేశాం. ‘కంప్యూటర్ మింగేసింది’ అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. ఆ డేటా పోయినట్టేనా? ‘/వార్ ఫోల్డర్ మొత్తం బయటికి తీసి అన్ని ఎన్విరాన్‌మెంట్లకీ కామన్‌గా పెట్టెయ్, పీడా పోతుంది’ అని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. అలా చేసేయమంటారా?

జవాబు: పోలేదు. ముందు ఆ మాట నాన్నగారికి చెప్పండి. ఇంకో మాట మీకు: ఇప్పుడు డిస్కులో ఏదీ డిలీట్ చేయకండి. చోటు చాలడం లేదనో, చూడ్డానికి చిందరవందరగా ఉందనో బీఈసీటీఎల్ డిస్ట్రాయ్ (బూట్ ఎన్విరాన్‌మెంట్‌ని చెరిపేసే కమాండ్) కొట్టారంటే మాత్రం నాన్నగారు చెప్పిందే నిజమవుతుంది.

అప్‌గ్రేడ్ మొదలుపెట్టినప్పుడు ఫ్రీబీఎస్‌డీ అప్‌డేట్ అనే ప్రోగ్రామ్ తనంతట తానే అప్పటి సిస్టమ్‌కి ఒక క్లోన్ (నకలు) తీసి, దానికి 14.1 అని, తేదీ టైముతో సహా పేరు పెట్టి పక్కన ఉంచింది. ఆ తర్వాత అప్‌గ్రేడ్ మీరు నడుపుతున్న ‘డిఫాల్ట్’ అనే ఎన్విరాన్‌మెంట్ మీదే జరిగింది. సోమవారం నుంచి బుధవారం దాకా బిల్లులు పడింది ఆ డిఫాల్ట్‌లోనే. బుధవారం రాత్రి మీరు ఆదివారం నాటి క్లోన్‌లోకి వెళ్ళారు. అక్కడ ఇంకా ఆదివారమే. మీ 212 బిల్లులు డిఫాల్ట్‌లో భద్రంగా ఉన్నాయి, మీరే వేరే ఇంట్లో కూర్చుని వాటిని వెతుకుతున్నారు. బీఈసీటీఎల్ లిస్ట్ కొట్టి చూడండి, రెండు పేర్లూ కనిపిస్తాయి. ఎన్, ఆర్ అనే అక్షరాలు పాత దాని పక్కన ఉంటాయి: ఎన్ అంటే ఇప్పుడు నడుస్తున్నది, ఆర్ అంటే ఈసారి రీబూట్ చేస్తే లేచేది.

(కమాండ్లను ఇక్కడ నోటితో పలికినట్టే రాస్తున్నాను. కొట్టే ముందు మాన్ పేజీ అనే సహాయ పత్రంలో ఒకసారి స్పెల్లింగు సరిచూసుకోండి.)

మరి మీ హోమ్ ఫోల్డర్ ఫైళ్ళు వెనక్కి వెళ్ళలేదు, బిల్లులు మాత్రమే ఎందుకు వెళ్ళాయి? మీ తప్పేమీ లేదు, ఇన్‌స్టాలర్ వేసే డేటాసెట్ల (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కులో చేసే విడివిడి అరలు) అమరికే అంత. జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్ కొడితే జెడ్‌రూట్/వార్ అని ఒకటి కనబడుతుంది. దాన్ని చూసి ‘ఆహా, వార్ వేరే డేటాసెట్‌లోనే ఉందిలే’ అనుకుంటాం. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ దాని క్యాన్‌మౌంట్ ప్రాపర్టీ చూడండి, ‘ఆఫ్’ అని ఉంటుంది. అంటే అది ఎక్కడా మౌంట్ అవదు, ఫోల్డర్‌గా తెరుచుకోదు. దానికి ఇంటిపేరు ఉంది గానీ ఇల్లు లేదు. /వార్ అనే మౌంట్‌పాయింట్‌ని (తెరుచుకునే చోటుని) పిల్లలకి ఇంటిపేరులా ఇవ్వడమే దాని పని. లాగ్, మెయిల్, క్రాష్, ఆడిట్, టీఎంపీ అనే అయిదుగురు పిల్లలు ఆ ఇంటిపేరు పెట్టుకుని సొంత ఇళ్ళల్లో ఉంటారు. వాళ్ళు ఏ ఎన్విరాన్‌మెంట్‌కీ చెందరు, అన్నిటికీ ఉమ్మడి. మిగతా /వార్ అంతా, అంటే /వార్/డీబీ, /వార్/క్రాన్, /వార్/క్యాష్ లాంటివన్నీ, రూట్ అనే అసలు సిస్టమ్ డేటాసెట్‌లో భాగంగా బూట్ ఎన్విరాన్‌మెంట్ లోపలే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ డేటా ఉండేది /వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్/డేటా16లో. కాబట్టి సిస్టమ్ వెనక్కి వెళ్తే అదీ వెళ్తుంది. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్ళకీ ఇదే గతి, వాళ్ళది /వార్/డీబీ/మైఎస్‌క్యూఎల్.

మరి ఆ ఇన్‌స్టాలర్ రాసినవాళ్ళు /వార్/డీబీని కూడా బయట పెట్టేస్తే సరిపోయేది కదా అంటారేమో. మీ ఫ్రెండ్ చెప్పేదీ అదే. నేను ఒకప్పుడు అదే పని చేసి దెబ్బ తిన్నాను, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

/వార్/డీబీలో పీకేజీ (ప్యాకేజీలు వేసే ప్రోగ్రామ్) పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో లోకల్ డాట్ ఎస్‌క్యూలైట్ అని ఒక ఫైలు. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉంది, దాని ఫైళ్ళు ఏవి అన్న చిట్టా అంతా అందులోనే. ఆ ప్యాకేజీల అసలు ఫైళ్ళు ఉండేది మాత్రం /యూఎస్‌ఆర్/లోకల్‌లో, అంటే బూట్ ఎన్విరాన్‌మెంట్ లోపల. నేను /వార్/డీబీ మొత్తాన్ని బయటికి తీసి ఉమ్మడి చేశాను. ఒక అప్‌గ్రేడ్ తేడా కొడితే పాత ఎన్విరాన్‌మెంట్‌కి వెళ్ళాను. సరుకు పాతది, స్టాకు రిజిస్టరు కొత్తది! ఒక లైబ్రరీ కొత్త వెర్షన్ ఉందని పీకేజీ ఇన్ఫో చెబుతోంది. ఏదైనా ప్రోగ్రామ్ కొత్తగా వేసి నడిపితే ‘షేర్డ్ ఆబ్జెక్ట్ నాట్ ఫౌండ్’. పోనీ అప్‌గ్రేడ్ చేసి సరిచేద్దామని పీకేజీ అప్‌గ్రేడ్ కొడితే, ‘యువర్ ప్యాకేజెస్ ఆర్ అప్ టు డేట్’ అని తాపీగా సమాధానం. రిజిస్టరు ప్రకారం దాని మాట నిజమే మరి. చివరికి ప్యాకేజీలన్నీ బలవంతంగా మళ్ళీ వేయించాల్సి వచ్చింది, ఒక ఆదివారం పోయింది. బిల్లులు మాయమైతే కనీసం మాయమైనట్టు తెలుస్తుంది. ఇది మూడు వారాల తర్వాత ఎక్కడో కాలు విరిగి బయటపడే రకం. /యూఎస్‌ఆర్/లోకల్, /వార్/డీబీ/పీకేజీ ఈ రెండూ ఎప్పుడూ ఒకే చూరు కింద ఉండాలి. ఉంటే రెండూ లోపల, పోతే రెండూ బయట. నా ఓటు లోపలికే.

అందుకని ఏ ఫోల్డర్ ఎటు వెళ్ళాలో తేల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ ఫైలు రాసింది ఎవరు? ఇన్‌స్టాలరో, ప్యాకేజీ మేనేజరో రాస్తే అది సిస్టమ్‌ది, సిస్టమ్‌తో పాటు వెనక్కి వెళ్ళాలి. మీరో, మీ నాన్నగారో, కస్టమరో కష్టపడి ఎక్కించింది అయితే అది మీది, సిస్టమ్ ఎటు పోయినా అది కదలకూడదు. పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రామ్ సిస్టమ్‌ది. అందులో ఉన్న బిల్లు మీది. ఏం జరిగిందో సిస్టమ్ రాసుకునే లాగ్‌లు ఎందుకు బయట పెట్టారంటే, కొత్త సిస్టమ్ చెడిపోయి పాత దాంట్లోకి వచ్చాక అది ఎందుకు చెడిందో చదువుకోవాలి కదా. మీ ప్రింటర్ సంగతీ అలాగే తెలుస్తుంది, లాగ్ ఫోల్డర్‌లో బుధవారం నాటి మెసేజెస్ ఫైలు ఇప్పుడున్న చోటి నుంచే తెరవండి.

వెబ్‌సైట్లు నడిపేవాళ్ళు ఇంకో చోట కూడా చూసుకోవాలి. /యూఎస్‌ఆర్/లోకల్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లోపల ప్యాకేజీ వేసిన కోడూ ఉంటుంది, జనం అప్‌లోడ్ చేసిన ఫోటోలూ ఉంటాయి. ఒకే ఫోల్డర్‌లో ఇద్దరు ఓనర్లన్నమాట. ఫోటోలను వేరే డేటాసెట్‌కి పంపడం మంచిది.

ఇక మీ పనికి వద్దాం. మీకిప్పుడు లెక్క రెండు పాయలుగా చీలిపోయి ఉంది: డిఫాల్ట్‌లో 212, ఇక్కడ 19. పైగా పాత డేటాబేస్‌కి సోమవారం సంగతి తెలియదు కాబట్టి గురువారం కొట్టిన 19 బిల్లులకి సోమవారం మొదటి బిల్లుల నంబర్లే మళ్ళీ పడి ఉంటాయి. ఇది కంప్యూటర్ సమస్య కంటే పెద్దది. జీఎస్టీ నిబంధనల్లో 46వ రూలు ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఇన్వాయిస్ నంబరు రెండోసారి రాకూడదు. ఆ 19 మంది చేతికి కాగితం వెళ్ళిపోయింది కాబట్టి రద్దు చేసి కొత్తది ఇవ్వాలా, ఇంకేమైనా దారి ఉందా అన్నది మీ ఆడిటర్‌ని ఇవాళే అడగండి. స్టాకులో బ్యాచ్‌ల లెక్క కూడా తప్పి ఉంటుంది, తర్వాతి లోడు పంపే ముందు ఓసారి అరలు చూసుకోండి.

రెండు డేటాబేస్‌లను ప్రోగ్రామ్ రాసి కలుపుదామని మీ చేతులు దురదపెడతాయని తెలుసు. వద్దు. 212 ఉన్నదాన్ని అసలు లెక్కగా పెట్టుకుని, 19ని చేత్తో ఎక్కించండి. గంట పని.

ముందు ఇప్పుడున్న డేటాబేస్‌ని పీజీడంప్‌తో (డేటాబేస్‌ని ఒక ఫైలుగా తీసే టూలు) మీ హోమ్ ఫోల్డర్‌లోకి తీసి పెట్టండి. తర్వాత బీఈసీటీఎల్ మౌంట్ డిఫాల్ట్ /ఎంఎన్‌టీ అంటే ఆ పక్కింటి తలుపు తెరుచుకుంటుంది. అది రాయడానికి వీలుగానే మౌంట్ అవుతుంది కాబట్టి లోపల ఏమీ ముట్టుకోకుండా డేటా16 ఫోల్డర్‌ని ఓనర్‌షిప్, పర్మిషన్లతో సహా /వార్/టీఎంపీలోకి కాపీ చేసుకోండి. ఫోల్డర్ మొత్తం రావాలి. లోపల పీజీవాల్ అని ఒకటి ఉంటుంది, ‘లాగ్‌లేగా, బరువెందుకు’ అని దాన్ని వదిలేసేవాళ్ళని చూశాను. అది లేకపోతే డేటాబేస్ లేవదు. కాపీ అయ్యాక పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా, పోస్ట్‌గ్రెస్‌ని లేపే పీజీసీటీఎల్ కమాండ్‌తో ఆ కాపీ మీద రెండో సర్వర్‌ని 5433 పోర్టులో లేపండి. మీ అసలు సర్వర్ 5432లో దాని మానాన అది నడుస్తూ ఉంటుంది. 5433కి కనెక్ట్ అయి చివరి బిల్లు నంబరు అడగండి. బుధవారం సాయంత్రం కొట్టిన బిల్లు కనబడితే నాన్నగారిని పిలిచి చూపించండి, ఆ తర్వాత దానికీ ఒక డంప్ తీసుకుని ఆ రెండో సర్వర్‌ని ఆపేయండి.

రెండు వైపులా పోస్ట్‌గ్రెస్ 16 కావడం వల్లే ఇది ఇంత తేలిగ్గా అవుతోంది. దీని మీద ఇంకాస్త కింద చెబుతాను.

ఇప్పుడు ఉమ్మడి ఇల్లు కట్టాలి. షాపు మూశాక పోస్ట్‌గ్రెస్ సర్వీస్ ఆపి, /వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్‌ని పోస్ట్‌గ్రెస్-పాత అని పేరు మార్చండి. తర్వాత జెడ్‌ఎఫ్‌ఎస్ క్రియేట్‌తో జెడ్‌రూట్/వార్/డీబీ అనే డేటాసెట్ చేయాలి. ఇక్కడ క్యాన్‌మౌంట్ ఆఫ్ అని ఆ కమాండ్‌లోనే చెప్పడం మర్చిపోవద్దు. మర్చిపోతే అది ఆ క్షణమే మౌంట్ అయి, ఒక ఖాళీ /వార్/డీబీ వచ్చి అసలు దాని మీద కూర్చుంటుంది. పీకేజీ ఇన్ఫో కొడితే ఒక్క ప్యాకేజీ కూడా కనిపించదు, గుండె ఆగినంత పనవుతుంది. అలా జరిగినా కంగారు పడకండి, క్యాన్‌మౌంట్‌ని ఆఫ్‌కి మార్చగానే అది దిగిపోయి కింద ఉన్నది మళ్ళీ కనబడుతుంది. ఇదీ ఇంటిపేరు కోసమే ఉన్న మనిషి, వార్ లాగే. దాని కింద జెడ్‌రూట్/వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్ అని మామూలు డేటాసెట్ చేయండి. అది తనంతట తానే సరైన చోట మౌంట్ అవుతుంది. దాని ఓనర్ పోస్ట్‌గ్రెస్ యూజర్ కావాలి. తర్వాత 212 బిల్లులున్న ఆ కాపీని డేటా16 పేరుతోనే అందులో పెట్టి సర్వీస్ లేపండి. రికార్డ్‌సైజ్ (ఫైళ్ళని జెడ్‌ఎఫ్‌ఎస్ కోసే ముక్క సైజు) ఎంత పెట్టాలి, 8 కేనా 16 కేనా అని పెద్ద పెద్ద వాదనలు ఉన్నాయి. రోజుకి 70 బిల్లుల షాపుకి అవేమీ అక్కర్లేదు.

దీనివల్ల డిఫాల్ట్‌లోకి వెళ్ళినా, 14.1లోకి వెళ్ళినా /వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్ దగ్గర ఇదే డేటాసెట్ వచ్చి కూర్చుంటుంది. డిఫాల్ట్‌లో ఉన్న పాత డేటా16 దాని కింద దాగి ఉంటుంది, చెరిగిపోదు.

యూజర్ల సంగతి కూడా చూసుకోవాలి. ఫైళ్ళ మీద పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. పేరు ఏ నంబరుదో చెప్పే పాస్‌వర్డ్ ఫైలు ఉండేది /ఈటీసీలో, అంటే ఎన్విరాన్‌మెంట్ లోపల. పోస్ట్‌గ్రెస్‌కి ఫ్రీబీఎస్‌డీ ప్యాకేజీలు ఎప్పుడూ 770 అనే నంబరే ఇస్తాయి కాబట్టి దాంతో చిక్కు లేదు. కానీ సోమవారం కొత్త గుమాస్తా కోసం డిఫాల్ట్‌లో ఒక యూజర్‌ని చేశారనుకోండి, పాత దాంట్లోకి రాగానే అతని హోమ్ ఫోల్డర్ ఉంటుంది, అతను ఉండడు. ఎల్ఎస్ కొడితే పేరుండాల్సిన చోట 1003 అని కనిపిస్తుంది. టైముకి వాటంతటవే నడిచే పనుల జాబితాలు, అంటే క్రాన్‌టాబ్‌లదీ అదే తీరు, అవి /వార్/క్రాన్/ట్యాబ్స్‌లో ఉంటాయి. రాత్రి బ్యాకప్ జాబ్ ఈ మధ్యే పెట్టి ఉంటే అది ఇప్పుడు నడుస్తోందో లేదో ఇవాళే చూసుకోండి.

ఇది ఫ్రీబీఎస్‌డీకి కొత్తగా వచ్చిన తలనొప్పి కాదు. సన్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్‌లో లైవ్ అప్‌గ్రేడ్ అని ఒకటి ఉండేది. అందులో సింక్‌లిస్ట్ అనే ఫైలు పెట్టారు. కొత్త ఎన్విరాన్‌మెంట్‌లోకి మొదటిసారి బూట్ అయినప్పుడు పాస్‌వర్డ్ ఫైలు, మెయిల్ లాంటివి పాత దాని నుంచి తెచ్చి దీని మీద రాయమని, సిస్‌లాగ్ లాంటివైతే చివర అతికించమని అందులో రాసి ఉండేది. తర్వాత సొలారిస్ 11లో ఒరాకిల్ వాళ్ళు వార్‌షేర్ అని ఒక ఉమ్మడి డేటాసెట్టే పెట్టేశారు. ఫ్రీబీఎస్‌డీలో అలాంటి సింక్ ఏదీ లేదు, మనమే చూసుకోవాలి. నేనైతే /ఈటీసీని బయటికి తీయను. కొత్త సిస్టమ్ సెట్టింగులు పాత సిస్టమ్ తలకెక్కితే అదో గోల. మార్చిన సెట్టింగు ఫైళ్ళ కాపీలు హోమ్‌లో ఒక గిట్ ఫోల్డర్‌లో (మార్పుల చరిత్ర దాచేది) ఉంచుకుంటాను, అంతే.

ఇందాక కింద చెబుతానన్నది ఇదే. డేటాను ఉమ్మడి చేయడంతో ఒక సౌకర్యం పోతుంది. ఇన్నాళ్ళూ సిస్టమ్ వెనక్కి వెళ్తే డేటా కూడా వెళ్ళేది, కాబట్టి పాత ప్రోగ్రామ్‌కి పాత డేటానే దొరికేది. ఇక మీదట పాత ప్రోగ్రామ్ కొత్త డేటాని చదవాల్సి వస్తుంది. పోస్ట్‌గ్రెస్ 16లో చిన్న వెర్షన్లు మారినంత వరకు ఫర్వాలేదు, డిస్కు మీద అమరిక ఒకటే. 16 నుంచి 17కి వెళ్ళేటప్పుడు మాత్రం అది వేరే లోకం, 17 రాసిన ఫోల్డర్‌ని 16 తెరవనే తెరవదు. ఫ్రీబీఎస్‌డీలో ఫోల్డర్ పేరు కూడా డేటా17 అవుతుంది కాబట్టి రెండూ పక్కపక్కన ఉండగలవు, అది కొంత నయం. పెద్ద వెర్షన్ మార్చే పీజీఅప్‌గ్రేడ్ టూలుని లింక్ పద్ధతిలో (కాపీ చేయకుండా రెండు ఫోల్డర్లూ అవే ఫైళ్ళని పంచుకునేలా) మాత్రం నడపకండి. అప్పుడు కొత్త సర్వర్‌ని ఒక్కసారి లేపినా పాత ఫోల్డర్‌ని ఇక నమ్మడానికి వీల్లేదు. మైఎస్‌క్యూఎల్ 8.0 వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, కొత్త సర్వర్ లేస్తూనే అడగకుండా డేటాని తన పద్ధతికి మార్చేసుకుంటుంది, ఆ తర్వాత పాత సర్వర్ దాన్ని ముట్టదు. కాబట్టి ఇక నుంచి అప్‌గ్రేడ్ ముందు సర్వీస్ ఆపి, ఆ డేటాసెట్‌కి విడిగా ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు నిలిపి ఉంచేది), ఒక పీజీడంప్. డంప్ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా వెళ్ళాలి. ఎన్విరాన్‌మెంట్లన్నీ ఉన్నది ఒకే డిస్కులో కదా.

అన్ని ఎన్విరాన్‌మెంట్లకీ ఉమ్మడిగా ఉండేది ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ ఆలోచించరు: జెడ్‌పూల్, అంటే ఈ డేటాసెట్లన్నీ పంచుకునే డిస్కు చోటు. 14.2లోకి వెళ్ళాక జెడ్‌పూల్ స్టేటస్ ‘కొత్త ఫీచర్లు ఉన్నాయి, అప్‌గ్రేడ్ చేసుకోండి’ అని మర్యాదగా అడగొచ్చు. దాని మాట విని జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ కొట్టారా, ఆ ఫీచర్లు తెలియని పాత ఎన్విరాన్‌మెంట్‌లోకి వెళ్ళే దారి మూసుకుపోవచ్చు. డిస్కులో ఈఎఫ్ఐ పార్టిషన్ అనే భాగంలో ఉండి సిస్టమ్‌ని లేపే లోడర్ కూడా ఇలాగే, అది ఏ ఎన్విరాన్‌మెంట్‌లోనూ భాగం కాదు. పాత ఎన్విరాన్‌మెంట్లు ఇక అక్కర్లేదని తేలేదాకా పూల్ జోలికి వెళ్ళకండి.

అంతా అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. ‘పరీక్ష’ అన్న పేరుతో ఒక బిల్లు కొట్టండి, అయితే అసలు సిరీస్‌లో కాదు, వేరే సిరీస్‌లో. బీఈసీటీఎల్ యాక్టివేట్‌కి ‘టీ’ అనే ఆప్షన్ ఇచ్చి డిఫాల్ట్‌ని ఎంచుకోండి. అలా ఇస్తే ఈ ఒక్కసారికే డిఫాల్ట్ లేస్తుంది, మళ్ళీ రీబూట్ చేస్తే ఇప్పుడున్న చోటికే వచ్చేస్తారు. అక్కడ ఆ బిల్లు కనిపించాలి. అక్కడ ఇంకొకటి కొట్టి వెనక్కి రండి, అదీ ఇక్కడ కనిపించాలి. రెండూ కనిపించాక ఆదివారాల్లో తీరిగ్గా డిఫాల్ట్‌లోకి వెళ్ళి ప్రింటర్ సంగతి చూసుకోవచ్చు, బిల్లులకేమీ కాదు. డిఫాల్ట్ కింద దాగి ఉన్న ఆ పాత డేటా16ని మాత్రం ఇప్పుడే తీసేయకండి. ఆడిటర్ ఆ 19 బిల్లుల సంగతి తేల్చి, ఈ నెల జీఎస్టీ రిటర్ను వెళ్ళేదాకా అలాగే ఉండనివ్వండి.